తీగ లేని మైకు

పదకొండేళ్లుగా తిరుపతమ్మ బతుకమ్మ పాటలు పాడుతోంది గానీ బతుకమ్మ ఆడటం లేదు. ఎల్బీనగర్‌లో వాళ్ల గల్లీ ఆడవాళ్లంతా వలయం కట్టి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, ఆమె వలయం బయట, స్పీకరు డబ్బా పక్కన, స్టాండు మైకు ముందు నిలబడి పాట అందుకోవాలి. మైకు తీగను లోపలికి తెస్తే కాళ్లకు చుట్టుకుంటుంది. ఒకసారి ఒకావిడ పడింది కూడా. అందుకని రాటకు కట్టేసిన బర్రెలా అక్కడే నిలబడి, తెల్లవారుజాము నుంచి తాను పేర్చిన బతుకమ్మ చుట్టూ గల్లీ అంతా తిరగడం చూస్తూ పాడేది. పాట ఆమెది, గొంతు ఆమెది, ఆట మాత్రం అందరిదీనూ! ఇదెక్కడి న్యాయమని ఒక్కరూ అడగలేదు.

అందుకే ఈ ఏడు కాలనీ ప్రెసిడెంటు రాఘవేంద్ర వైర్‌లెస్ మైకు కొందామని చందా అడిగితే, అందరికంటే ముందు వెయ్యి రూపాయలు తీసిచ్చింది. ఇడ్లీ బండి మీద బతికే మనిషికి వెయ్యంటే మాటలు కాదు. రాఘవేంద్ర దిల్‌సుఖ్‌నగర్ పోయి పధ్నాలుగు వేలు పోసి తెచ్చాడు. తలకు తగిలించుకునే మైకు, నడుముకు దోపుకునే చిన్న డబ్బీ.

"నడుమ గోడలు అడ్డమొచ్చినా ఆగదట అక్కా! దుకానపాయన గ్యారంటీ ఇచ్చిండు" అన్నాడు.

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు తిరుపతమ్మ ఆ మైకు పెట్టుకుని వలయంలోకి అడుగు పెట్టింది. వంగింది, చప్పట్లు కొట్టింది, తిరిగింది, పాడింది. మోకాళ్ల నొప్పులున్న సంగతే మరిచిపోయింది. ఇంటికెళ్లి సంతోషంతో కళ్లు తుడుచుకుంది.

ఆ సంతోషం ఒక్కరోజు ముచ్చటే అయింది.

మర్నాడు పక్క గల్లీలో దుర్గమ్మ మండపం పెట్టారు. ఇక్కడ తిరుపతమ్మ "మా వాడ మలుపుల్ల ఉయ్యాలో" అని ఎత్తుకుని వలయం అవతలి వైపు తిరిగిందో లేదో, స్పీకరులోంచి మగగొంతు ఖంగుమంది: "కుంకుమార్చనకు కూర్చున్న దంపతులు గోత్రనామాలు చెప్పండి!"

స్పీకరులో ఏ మాట వస్తే ఆ మాట తిరిగి పాడటం ఆడవాళ్లకు ఏళ్ల నాటి అలవాటు. చప్పట్లు ఆపకుండా అందరూ కలిసి "గోత్రనామాలు చెప్పండి ఉయ్యాలో" అనేశారు. పిల్లలు పడీపడీ నవ్వారు. తిరుపతమ్మకు తల కొట్టేసినట్టయింది.

అంతలో పక్క గల్లీ నుంచి మండపం కమిటీ పెద్ద పట్టాభి పంచె ఎగ్గట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"ఏవండీ, మా పంతులుగారు మంత్రం చదువుతుంటే మా స్పీకర్లో మీ ఉయ్యాల ఏంటండీ? అమ్మవారి ముందు ఎంత అప్రతిష్ఠ!"

ఆయన చేతిలోనూ అచ్చం అలాంటి మైకే ఉంది. అదే దుకాణంలో కొన్నది, ధర కూడా అంతే. గోడలు అడ్డమొచ్చినా ఆగదన్నాడు కదా మహానుభావుడు! ఆగలేదు మరి.

మరుసటి పొద్దున్నే తిరుపతమ్మ, రాఘవేంద్ర, పట్టాభి ముగ్గురూ దుకాణానికి వెళ్లారు. దుకాణదారు ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు.

"రెండూ ఒకటే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తయి. దగ్గర దగ్గర ఉంటే గంతే. ఒకరు బంద్ పెట్టినప్పుడు ఇంకొకరు నడుపుకోరి."

"పూజా, బతుకమ్మా రెండూ సాయంత్రమే కదండీ! అమ్మేటప్పుడు చెప్పాలిగా?" అన్నాడు పట్టాభి.

"మీరు అడగలే. డబ్బా ఇప్పిండ్రు, వాపస్ తీస్కోను. ఇగో, గీ ఇరవై ఆరు వేలది కొనుండ్రి. దీంట్ల ఫ్రీక్వెన్సీ మార్చుకోవచ్చు."

తిరుపతమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను ఇడ్లీలమ్ముత బిడ్డా! చట్నీ ఖరాబైందని తినెటోడు అడిగితేనే చెప్పాల్నా? అడగకుంటే పెట్టెయ్యాల్నా?" అంది. దుకాణమంతా తిరిగి చూసింది. ఆయన మాత్రం "జర పక్కకు జరుగమ్మా, గిరాకీ ఒస్తున్నది" అన్నాడు.

దారిలో రాఘవేంద్ర, ఆమెను ఒక్క మాటైనా అడక్కుండానే తీర్పు చెప్పేశాడు. "ఏం జేస్తం, ఈ ఏడు గూడ పాత మైకే."

డబ్బు పోయినందుకు కాదు ఆమెకు మంట. పదకొండేళ్ల తర్వాత చేతికిచ్చిన ముద్దను నోటి దాకా రానిచ్చి లాక్కున్నందుకు. ఆ తర్వాత ఆడిన ప్రతి సాయంత్రమూ స్టాండు ముందు నిలబడి, పళ్లు బిగబట్టి పాడింది.

ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు రాఘవేంద్ర స్టాండు సిద్ధం చేసి ఎదురుచూస్తున్నాడు. తిరుపతమ్మ దాన్ని దాటుకుని తిన్నగా వెళ్లి వలయంలో నిలబడింది. వట్టి గొంతుతో పాట ఎత్తుకుంది. చప్పట్ల హోరులో ఆ గొంతు పదిమందికి మించి అందలేదు. పక్కవాళ్లు అందుకుని పాడారు, వాళ్ల పక్కవాళ్లు వాళ్లను విని పాడారు. అవతలి కొసకు చేరేసరికి పాట ఒక అడుగు వెనకబడింది.

"అక్కా, అవతలోళ్లకు ఇనపడ్తలేదు! మైకు కాడికి రా!" అని రాఘవేంద్ర అరిచాడు.

తిరుపతమ్మ అడుగు ఆపలేదు. "ఇనపడనోళ్లను దగ్గరికి రమ్మను. నేనైతే బయటికి రాను" అని, తర్వాతి చరణం అందుకుంది.

అవతలి కొసన ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే ఆమె వైపు జరిగి, ఆమె వెనకే రెండో వలయం కట్టారు. రాఘవేంద్ర మైకు స్విచ్చి కట్టేశాడు.