ఖాళీ వచ్చింది

ఆఫీసులో అతన్ని మేధావి అంటారు. ఒకసారి ఒక చిన్న తప్పు దిద్దబోయి మూడొందల మంది కంప్యూటర్లను పూటంతా మూలన కూర్చోబెట్టిన రోజున వచ్చిన బిరుదు అది. మొదట్లో చిన్నబుచ్చుకున్నాడు. పోనుపోను ఆ పేరులోని వెటకారం అరిగిపోయి పేరొక్కటే మిగిలింది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే, నిజమేనేమో అన్నట్టు తలెత్తి చూస్తాడు. అతని అగచాట్లన్నీ ఆ తలెత్తి చూడడం దగ్గరే మొదలవుతాయి.

అతని అత్తగారు వాళ్ళతోనే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను మీద బతికిన మనిషి. ఎడమ కన్ను చిన్నతనంలోనే దెబ్బ తగిలి పోయింది. ఉన్న ఒక్క కంటితోనే ఊరందరికీ జాకెట్లూ చొక్కాలూ కుట్టింది. ఆ కంట్లో ఇప్పుడు శుక్లం ముదిరింది. సూదిలోకి దారం ఎక్కించాలంటే మనవరాలు బడినుంచి రావాలి. మనవరాలి గౌను ఒకటి సగం కుట్టి మిషను మీదే ఉంది, రెండు నెలలుగా.

ఒంటికన్ను మీద కత్తి పెట్టడానికి డాక్టర్లు జంకుతారు. కంటాసుపత్రిలో ఆ ధైర్యం ఉన్న డాక్టరమ్మ ఒక్కతే. ఆవిడ నెలాఖరుకు పైచదువుకు వెళ్ళిపోతోంది, మళ్ళీ వచ్చేది ఏడాదికి. "ఏడాది ఆగితే చూపు దక్కుతుందని నేను మాటివ్వలేను" అని మొహం మీదే చెప్పేసింది. ఆవిడ తేదీలన్నీ నిండిపోయాయి. ఎవరైనా మానుకుంటే ఆ ఖాళీ ఆసుపత్రి వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. ముందు చూసినవాళ్ళదే. కౌంటరు దగ్గర అడగవద్దని పెద్దక్షరాలతో బోర్డు కూడా ఉంది.

"పొద్దునా సాయంత్రం నేను ఫోన్లో చూస్తూ ఉంటాలెండి" అంది భార్య. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోను బీరువాలో పెట్టాలి.

"మనిషి చూడ్డమేమిటి?" అన్నాడు మేధావి. "ప్రోగ్రాం రాస్తాను. అదే పేజీ తెరుస్తుంది, అదే చదువుతుంది, ఖాళీ ఉంటే గంట కొడుతుంది. నువ్వసలు దాని జోలికి రాకు."

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

ఈమధ్య అతను ఇంట్లోంచే పనిచేస్తున్నాడు. తన గదికీ అత్తగారి గదికీ మధ్య చెక్కగోడ. ఆ గదిలో కూర్చుని గంటలో ప్రోగ్రాం రాసేశాడు. మొదటి రోజు అది ఐదు నిమిషాలకోసారి ఆసుపత్రి పేజీని అడిగింది. "ప్రస్తుతం ఖాళీలు లేవు" అని పేజీ మర్యాదగా జవాబు చెప్పింది. సాయంత్రానికి మేధావికి అనుమానం పట్టుకుంది. ఐదు నిమిషాల్లో ఇంకెవరైనా ఎగరేసుకుపోతే? నిమిషానికి మార్చాడు. అదీ ఎక్కువే అనిపించి సెకనుకు మార్చాడు. తన జాగ్రత్తకు తనే మురిసిపోయి పడుకున్నాడు.

మర్నాటినుంచి జవాబులో ఒక్క అక్షరం లేదు. తప్పు జరిగితే తప్పని చెప్పాలి కదా, అదీ లేదు. అంతా సవ్యమే అనడానికి గుర్తుగా రెండొందల అంకె వస్తుంది, దాని వెనక ఏమీ ఉండదు. భార్యకు ఆ సంగతి వివరించి చెప్పాడు.

"మీరు పేపరు చదువుకుంటూ నాకు ఊ కొట్టినట్టన్నమాట" అంది ఆమె. దీనికీ ఊ అనేసి మళ్ళీ తెర వైపు తిరిగాడు.

మూడో రోజున అతనికి, సర్వరుకు ప్రోగ్రాములంటే పడదేమో అనిపించింది. మనుషులు వాడే బ్రౌజరు వేషం వేసి తన ప్రోగ్రాంను పంపాడు. ఖాళీ. నాలుగో రోజు, ముందు మొదటి పేజీకి వెళ్ళి, అక్కడిచ్చే కుకీ అనే గుర్తుచీటీ పుచ్చుకుని అప్పుడు లోపలి పేజీకి వెళ్ళేట్టు చేశాడు. ఖాళీ. పేజీ ముందు ఖాళీగా వచ్చి అక్షరాలు తీరిగ్గా తరవాత వస్తాయేమోనని ఆరో రోజు పది సెకన్లు, ఇరవై సెకన్లు, నిమిషం ఎదురుచూశాడు. ఏడో రోజున ఏం చెయ్యాలో తోచక కీబోర్డు తుడిచాడు. రోజూ బడినుంచి రాగానే ఎనిమిదేళ్ళ కూతురు గుమ్మంలోంచే అడిగేది, "నాన్నా, గంట మోగిందా?" అని.

పక్క సీటావిడకు ఫోన్ చేశాడు. ఆఫీసులో అతను రాసిన ప్రోగ్రాములను పరీక్షించి తప్పులు పట్టుకునే ఉద్యోగం ఆవిడది. చేతినిండా పని ఉంటుంది. అంతా విని, "మీ ఇంటి నెట్‌నుంచి కాకుండా బయటెక్కడినుంచైనా ఒకసారి తెరిచి చూశారా?" అంది.

"అవన్నీ చూశాలెండి" అన్నాడు మేధావి. చూడలేదు. అంత చిన్న ప్రశ్నకు లేదని చెప్పడానికి మనసొప్పలేదు.

ఎనిమిదో రోజున మాత్రం తనే చేత్తో ఆ పేజీ తెరిచాడు. తెల్లగా సున్నం కొట్టినట్టుంది. అదే ఇంటి నెట్ మీద భార్య ఫోన్లో చూశాడు. అదీ తెలుపే. అతనికి ప్రాణం లేచొచ్చింది. తప్పు తనది కాదు, ఆసుపత్రివాళ్ళది. ఆ సంతోషంలో ఒక కప్పు టీ పెట్టుకుని తాగాడు. సగం తాగాక గాని అత్తగారి కన్ను గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాక మిగతా సగం పారబోశాడు. తనమీద తనకే రోత పుట్టింది.

పన్నెండో రోజు సాయంత్రం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులుంది. అత్తగారు చేత్తో తడుముకుని గ్లాసు జరుపుకుంది.

"ఏం వస్తోంది బాబూ మీ కంప్యూటర్లో?" అంది.

"ఏముందత్తయ్యా" అన్నాడు మేధావి నోట్లో ముద్ద పెట్టుకుంటూ. "ఖాళీ వస్తోంది."

"ఖాళీ వచ్చిందా?"

నోట్లో ముద్ద ఉంది. నమిలి మింగేలోపల అత్తగారు కుర్చీ వెనక్కి తోసి లేచింది. "విన్నావటే, ఖాళీ వచ్చిందిట. ఎంత కష్టపడ్డారో పాపం. పొద్దున్నే వెళ్దాం బాబూ. నా సంచీ సర్దుకుంటాను" అంది. మనవరాలు కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టింది. అంతలోనే ఆగి, "మరి గంట మోగలేదుగా?" అంది. తల్లి దాని కంచంలో ఇంకో గరిటె వడ్డించి, మాట్లాడకుండా తినమంది.

తను చెప్పింది ఆ ఖాళీ కాదని చెప్పేయాలి. ఒక్క మాట. మేధావి నోరు తెరిచాడు. అదే సమయానికి భార్య అతనివైపు చూసింది. పెదవులు బిగబట్టి, కళ్ళు మెరుస్తూ, అదో రకంగా చూసింది. పెళ్ళయిన కొత్తలో తప్ప అలాంటి చూపు అతను ఎరగడు. తెరిచిన నోట్లో ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. తెల్లవారేలోగా ప్రోగ్రాం బాగుచేసి నిజం ఖాళీ పట్టుకుంటే అత్తగారి మాటే నిజమవుతుంది కదా అని తనకు తను నచ్చజెప్పుకున్నాడు. ఆ ఒక్క చూపు కోసం ఒక పెద్దావిడ కంటితో ఆటాడుతున్నానని అతనికి తెలుసు. తెలిసీ ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

తెల్లవారింది. ప్రోగ్రాం బాగుపడలేదు. భార్య డ్యూటీకి, కూతురు బడికి వెళ్ళారు. అత్తగారు సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆరున్నరకే వరండాలో కూర్చుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది.

బస్సులో మేధావి నీళ్ళు నమిలాడు. "అత్తయ్యా, రాత్రి నేనన్న ఖాళీ ఉంది చూశారూ..."

"మన స్టాపు వచ్చినట్టుంది. మెట్టు ఎత్తుగా ఉంటుంది, చూసుకుని దిగండి" అంది ఆవిడ. అతను చూసుకోలేదు. పడబోతే ఆవిడే భుజం పట్టుకుంది.

కౌంటరు దగ్గర గొలుసు కళ్ళజోడు పెట్టుకున్న గుమాస్తా కూర్చుని ఉంది. బోర్డు ఆవిడ తలమీదే వేలాడుతోంది. మేధావి రెండడుగులు వెనక్కి వేసి, గోడకున్న కళ్ళ జబ్బుల పటం శ్రద్ధగా చదవసాగాడు. అత్తగారు బల్ల అంచు తడిమి పట్టుకుంది.

"అమ్మా, మా అల్లుడు కంప్యూటర్లో చూశాడు. డాక్టరమ్మ దగ్గర ఖాళీ వచ్చిందిట. ఒకసారి చూడు తల్లీ. నాకున్నది ఒక్కటే కన్ను."

గుమాస్తా బోర్డు వైపు వేలు ఎత్తబోయింది. ఎదుటి మనిషికి బోర్డు కనపడదని తట్టి వేలు దించేసింది. తెర చూసింది. మేధావి పటానికి ఇంకా దగ్గరగా జరిగాడు. ఇంకో నిమిషంలో ఆవిడ లేదంటుంది, అత్తగారు తనవైపు తిరుగుతుంది.

"అవునమ్మా, ఉంది" అంది గుమాస్తా. "గురువారం. ఇందాక ఎనిమిదింటికే ఒకాయన మానుకున్నారు. పేరు చెప్పండి, రాసేస్తాను. ఈ పదిరోజుల్లో ఇది మూడోది. మీరే ఆలస్యంగా వచ్చారు."

మేధావి పటం వదిలేసి బల్ల దగ్గరికి వచ్చాడు. "మూడోదా? మీ పేజీలో ఏమీ రావడం లేదే. పన్నెండు రోజులుగా తెల్లగా ఉంటోంది."

"అందరికీ బాగానే వస్తోందండీ" అంది గుమాస్తా రాస్తూనే. "ఎవడో పనీపాటా లేనివాడు సెకనుకోసారి మా పేజీ తలుపు బాదుతున్నాడట. పొమ్మంటే ఇంకో దారిన వస్తాడని మా కంప్యూటరాయన పొమ్మనకుండా, వాడి ఇంటినుంచి ఎవరడిగినా సరేనని తెల్ల కాగితం చేతిలో పెట్టి పంపుతున్నాడు. వేషాలు మార్చి మార్చి వస్తున్నాడట. కాస్త బుర్రున్నవాడైతే వేగం తగ్గించి ఉండేవాడని నవ్వుతుంటాడాయన."

"ఎవడండీ వాడు?" అన్నాడు మేధావి.

"ఎవడో, ఏమిటో" అంది గుమాస్తా.

అత్తగారు చీటీ తీసుకుని జాకెట్లో దోపుకుంది. బయటికి వచ్చి బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాక, మెల్లిగా అంది.

"బాబూ, ఇంటికెళ్ళగానే ఆ తలుపు బాదడం ఆపేయండి."

మేధావికి భూమి బద్దలై తనను మింగేస్తే బాగుండుననిపించింది. బెంచీ గట్టిగానే ఉంది. "మీకు తెలుసా?"

"మన మధ్య ఉన్నది చెక్కగోడ. ఖాళీ, మళ్ళీ ఖాళీ అని పన్నెండు రోజులు మీలో మీరు తిట్టుకుంటుంటే విన్నాను. కళ్ళు పోయాయిగానీ చెవులు పోలేదు. ఏ ఖాళీకి మనిషి సంతోషిస్తాడో, ఏ ఖాళీకి తిట్టుకుంటాడో నాకు తెలియదా?" సంచీ సర్దుకుంది. "కింద బాబిన్‌లో దారం అయిపోయినా మిషను ఆగదు బాబూ. టకటకా నడుస్తూనే ఉంటుంది, మనం కుడుతూనే ఉంటాం. బట్ట తిప్పి చూస్తేనే తెలిసేది, ఒక్క కుట్టూ పడలేదని. నేనూ చాలాసార్లు అలాగే కుట్టాను."

"మరి రాత్రి..."

"నేనే వెళ్ళి అడుగుతానంటే మీరు పంపిస్తారా? బోర్డు చదివి వినిపిస్తారు. ఖాళీ తెచ్చింది మీరేనని నలుగురిలో అంటే ఇక కాదనలేరు. అందుకని అన్నాను. ఏమీ అనుకోకండి." మొహం రోడ్డు వైపు తిప్పుకుని, "భయం వేసింది బాబూ" అంది. "నిన్న పొద్దున్న లేచి కిటికీ ఎటుందో తెలియలేదు."

అతను ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అల్లుడైన పదేళ్ళలో ఎన్నడూ పట్టుకోలేదు. క్షమించమని అడగబోతే బస్సొచ్చింది.

ఆ సాయంత్రం ప్రోగ్రాం తీసేసి, ధైర్యం కూడగట్టుకుని భార్యకు మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఏదీ దాచలేదు, టీ సంగతి కూడా. ఆమె బట్టలు మడతపెడుతూ వింది.

"తెలుసు. నిన్న డ్యూటీనుంచి రాగానే అమ్మ నాకు చెప్పింది, రాత్రి మీచేత ఖాళీ అనిపిస్తానని" అంది.

"మరి నువ్వు నావైపు అలా చూశావు?"

"నవ్వు ఆపుకోలేక చచ్చాను" అంది ఆమె, చొక్కా మడత పెట్టి అతని చేతిలో పెడుతూ.

గురువారం ఆపరేషన్ అయింది. శుక్రవారం ఉదయం డాక్టరమ్మ కట్టు విప్పి, "నెమ్మదిగా తెరవండి" అంది. అత్తగారు తెరిచింది. ముందు కిటికీ చూసింది. తరవాత మనవరాలి మొహం రెండు చేతులా పట్టుకుని, ముందు పళ్ళు ఎప్పుడు వచ్చాయే అని అడిగింది. కూతుర్ని చూసి చిక్కిపోయావంది. వాళ్ళ వెనక, తలుపు దగ్గర నిలబడ్డ మేధావిని దగ్గరికి రమ్మని పిలిచింది.

అతను తల వంచుకుని వచ్చాడు. తల వంచడం వల్లే నడినెత్తి ఆవిడకు సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇక్కడ జుట్టుండేది కదా బాబూ?" అంది.

"ఖాళీ వచ్చిందత్తయ్యా" అన్నాడు మేధావి.

భార్య ఈసారి నవ్వు ఆపుకోలేదు. అత్తగారు కన్ను తుడుచుకోబోతే, కన్ను నలపకూడదని డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.