అర గ్రాము

గంగులయ్య నడుము వంచి, కొలజాడీలో నీళ్లు గీతకు సరిగ్గా వచ్చాయో లేదో ఒంటికన్నుతో చూస్తున్నాడు. చుక్క ఎక్కువైనా ఒంపేసేదాకా అతనికి మనసొప్పదు. మదనపల్లె కాలేజీ ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా అటెండరు. సీసాలు కడిగి కడిగి వేళ్ల కొసలు ముడతలు పడిపోయాయి. చెప్పింది తు.చ. తప్పకుండా చేస్తాడని పేరు.

పుంగనూరులో ఇంట్లోనూ అంతే. భార్య మునిలక్ష్మమ్మకు కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఉప్పు జాగ్రత్త అని డాక్టరు అన్న రోజే ఉప్పు డబ్బా అటకెక్కించాడు. ఎనిమిది నెలలైంది. ఈ పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒక్క పూటన్నా ఊరిబిండి పచ్చట్లో ఇంత ఉప్పెయ్యయ్యా. నోరు సచ్చిపోయిండాది. కుప్పంలో మాయమ్మ నూరినట్ట తినాలనుండాది."

"వద్దు మే. నీకేమన్నా అయితే నేనేం సేసేది?" అని చెయ్యి విడిపించుకుని వచ్చేశాడు.

పరిశోధన చేసే మేఘన ఫ్రిజ్ తెరిచి ఉసూరుమంది. ఉలవల్లోంచి ఒక ప్రోటీన్‌ను శుద్ధి చేయడం ఆమె పని. ఉలవరసాన్ని పలుచటి పొరసంచిలో పోసి రాత్రంతా నీళ్లలో ఉంచితే అందులోని ఉప్పు తగ్గుతుంది. ఉప్పెక్కువుంటే ప్రోటీన్ శుద్ధికి వాడే గాజుగొట్టంలోని పొడికి అంటుకోదు. ఇవాళ సంచి అడుగున విరిగిన పాలలా తెల్లటి ముద్దలు.

"అన్నా, నిన్న దీన్ని ఏం నీళ్లల్లో పెట్టినావు?"

"ఉప్పు తగ్గాలంటివి కదమ్మా. వట్టి నీళ్లల్లోనే పెట్టినా."

"తగ్గించమంటే బొత్తిగా తీసేస్తారా అన్నా? రవ్వంత ఉంటేనే అది కరిగుంటాది. పోనీలే, మళ్లీ చేద్దాం."

గంగులయ్యకు అటకెక్కించిన ఉప్పు డబ్బా గుర్తొచ్చింది. వరండాలోకి పోయి డాక్టరుకు ఫోన్ చేశాడు.

"పూర్తిగా మానమని ఎవరన్నారప్పా? కొంచెం వెయ్యొచ్చు."

"కొంచెమంటే ఎన్ని గ్రాములు సార్?"

డాక్టరు నవ్వాడు. "పూటకు అర గ్రామేసుకో, పో."

ఎనిమిది నెలలు! ముద్ద ముద్దకూ ఆమె నీళ్లు తాగి మింగడం తలుచుకుని గంగులయ్య ఏడ్చాడు. ఎదురంగట్లో ఉప్పు ప్యాకెట్ కొనుక్కొచ్చి, ల్యాబు తూకం మీద కాగితం పరిచి, కొద్దికొద్దిగా విదిలించాడు. అంకె సరిపోయిన క్షణానే కూతురు కీర్తన ఫోన్.

"నాయినా, అమ్మ లెయ్యలా. గంజి తాగి పండుకునింది. పిలిస్తే పలకలా. పక్కింట్లో ఉండే ఆస్పత్రి నర్సమ్మ సూసి, అయిపోయిందనింది."

అతను కాగితం మీది ఉప్పు వైపు చూశాడు.

"గంజిలో ఉప్పేసినావామ్మా?"

"లేదు నాయినా. నువ్వు వద్దంటివి కదా."

గంగులయ్య చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకు నడిచాడు. మధ్యాహ్నం ఏదో తూచుకోవడానికి మేఘన వచ్చేసరికి తూకం మీద కాగితం, కాగితం మీద చిటికెడు ఉప్పు, కింద వెలుగుతున్న అంకె: 0.50.