ఒరాలీ ఇంటి నేలచెక్క

నేను ఒక సైప్రస్ చెట్టు చెక్కను. తొమ్మిది అడుగుల పొడవు, జానెడు వెడల్పు. అమెరికాలో మిసిసిపీ పత్తి పొలాల నడుమ నల్లవాళ్ళు కట్టుకున్న చిన్న చర్చిలో నన్ను నేలగా పరిచారు. వాళ్ళ తాతలను తెల్లదొరలు బానిసలుగా సముద్రం దాటించి తెచ్చి, డప్పులు లాక్కున్నారట. దాంతో ఆ తాతలు పాదాలతో దరువు వేయడం మొదలుపెట్టారు. డప్పు లాక్కోవచ్చు గాని, కాళ్ళు లాక్కుంటే పత్తి ఎవరు ఏరతారు?

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ వలయంగా నిలబడి, పాదాలు ఈడుస్తూ, పాడుతూ నా మీద తిరిగేవారు. ఒకటే షరతు. కాలి మీదుగా కాలు వేయకూడదు. వేస్తే అది నాట్యం. నాట్యం పాపం. చర్చి పెద్ద డీకన్ ఎజికిల్ ఓ మూల కూర్చుని అందరి కాళ్ళనే చూస్తుండేవాడు. దేవుడు మనసులు చూస్తాడంటారు. ఈయనకు మడమలు చాలు.

ఒక ఆదివారం ఒరాలీ అనే పడుచు పాటలో మునిగిపోయి, కుడికాలిని ఎడమకాలి మీదుగా వేసింది. ఎజికిల్ పాట ఆపించి క్షమాపణ అడగమన్నాడు.

"కాలు చేసినదానికి నోరెందుకు చెప్పాలి?" అంది ఒరాలీ. అంతే, వెలివేశారు.

కొన్నేళ్ళకు చర్చికి కొత్త నేల వేశారు. పీకి పారేసిన మమ్మల్ని ఒరాలీ బండిలో వేసుకుపోయి తన గుడిసెలో పరిచింది. శనివారం పని దిగగానే కూలీలు అక్కడికి చేరేవారు. గిటారు మీద బ్లూస్ పాట మొదలయ్యేది. జంటలు మోకాళ్ళు సడలించి, నేలకు దగ్గరగా ఒదిగి, పాదం లేపకుండా ఈడుస్తూ, పీట వేసినంత చోటులోనే పాటంతా గడిపేవారు. నాకు నవ్వొచ్చేది. చాలావరకు ఆదివారం నాకు తెలిసిన పాదాలే ఇవి. పుణ్యానికీ పాపానికీ బరువులో నాకేమీ తేడా తెలియలేదు.

అయితే గుడిసె ఉన్నది తెల్లదొర పొలంలో. శనివారం ఆడినవాళ్ళు సోమవారం చురుగ్గా ఏరడం లేదని ఆయన అనుమానం. నేల పీకేయమని కూలీల మేస్త్రీని పంపాడు. పీకడానికి వచ్చిన నలుగురు కూలీలూ ముందు శనివారం నా మీద ఆడినవాళ్ళే. తలలు వంచుకుని మేకులు లాగారు. ఒరాలీ ఏడవలేదు. మేకులన్నీ ఏరి డబ్బాలో వేసుకుంది.

కానీ మళ్ళీ ఎక్కడ పరచాలి? కనుచూపు మేర దొర భూమే. కాలువ అవతల ఐదెకరాలు మాత్రం ఎజికిల్ సొంతం. తనను వెలివేసిన మనిషి గుమ్మం ఒరాలీ ఎలా తొక్కుతుంది? మర్నాడు ఆయనే బండి తోలుకొచ్చాడు.

"ఇది నాట్యానికే డీకన్‌గారూ," అంది ఒరాలీ. "ముందే చెప్తున్నా."

"తెలుసమ్మా. నువ్వు చేసేది పాపమే. ఆ సంగతి నువ్వూ దేవుడూ తేల్చుకోండి. మధ్యలో దొరెవడు?"

ఆ శనివారం ఎజికిల్ పొలంలో, ఆరుబయట మమ్మల్ని పరిచారు. మేస్త్రీ గుర్రం మీద, భుజాన తుపాకీతో వచ్చి కాలువకు దొర భూమి వైపు గట్టున ఆగాడు. గిటారు ఆగిపోయింది. ఏం జరగవచ్చో అక్కడ అందరికీ తెలుసు. ఒరాలీ పాదం మాత్రం ఆగలేదు. దాని పక్కన ఇంకొకటి కలిసింది, తర్వాత మరో నాలుగు. ఎజికిల్ మాకు వీపు పెట్టి, గుర్రం వైపు ముఖం పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపటికి మేస్త్రీ గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. పాదాల కింద నేనెంత గర్వపడ్డానో చెప్పలేను.

ఇప్పుడు నేను పట్నంలో ఒక మ్యూజియంలో ఉన్నాను. బతుకు బాధ మరిచిపోవడానికి దుఃఖంతో ఆడిన నేల అని పక్కన కాగితం మీద రాశారు. రాసినవాడు చదువుకున్నవాడే, పాపం. నా మీద ఎవరూ ఏమీ మరిచిపోలేదు. వారమంతా దొర చెప్పినట్టు కదిలిన ఒళ్ళు, ఆ ఒక్క పూట ఆడేవాళ్ళు తాము కదలమంటేనే కదిలింది.