టీవీ పిట్ట తోక

నేను ఒక అబద్ధాల పెట్టెను, టీవీకి తగిలించి ఆడుకునే వీడియోగేమును. నా వీపు మీద బంగారు రంగు అక్షరాలతో 'తొంభై తొమ్మిది లక్షల ఆటలు' అని రాసి ఉంటుంది. లోపల ఉన్నవి పన్నెండు. మిగతావి కూడా ఆ పన్నెండే, చొక్కాల రంగు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తుంటాయి. నేను పుట్టిన ఊరి పేరు నా ఒంటి మీద ఎక్కడా లేదు. రాసుకోవడానికి మావాళ్లకు మొహం చెల్లలేదు కాబోలు. అయినా మనుషులు లోపల లెక్కపెట్టుకుని కొంటారా ఏమన్నా! పైన లక్షలని కనిపిస్తే చాలు.

రాపోలు బిక్షపతి కూడా అలాగే కొన్నాడు. పోచంపల్లి పక్క ఊళ్లో నేతగాడు. పట్నంలో చీరలు అప్పజెప్పి, భార్య అడిగిన మిక్సీ కొనుక్కుని పోవాల్సినవాడు, కోఠి ఫుట్‌పాత్ మీద నన్ను చూసి చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

"మిక్సీ తెమ్మంటే గీ డబ్బా తెచ్చినవేందయ్యా?" అంది అతని భార్య అండాలు.

"నాయినకు పొద్దుపోతది తియ్" అన్నాడు బిక్షపతి. తండ్రి మీద అంత ప్రేమ అతనికి ఆ రోజే పుట్టింది.

తండ్రి పేరు మార్కండయ్య. నలభై ఏళ్లు గుంట మగ్గం తొక్కి మోకాళ్లు పోగొట్టుకున్న ముసలాయన. కాళ్లు పోయినా చేతులున్నాయి కదా! తెగిన పట్టుపోగును చీకట్లో ముడేసిన వేళ్లు అవి. వారం తిరక్కుండా నా మీటలు ఆయన మాట వినడం మొదలుపెట్టాయి. నెత్తిన కుండ పెట్టుకుని గుంతలు దూకే పొట్టివాడి ఆట ఒకటి ఉంది నాలో. మొత్తం ఎనిమిది మెట్లు. ఎనిమిదో మెట్టు దాటితే కోటగోడ మీద ఒక పిట్ట కనిపిస్తుంది. ఊళ్లో కుర్రకారంతా మూడో మెట్టులో గుంతలో పడి చస్తుంటే, ఆ పిట్టను చూసినవాడు మార్కండయ్య ఒక్కడే.

నా సంగీతం గురించి కూడా చెప్పాలి. నాకున్నవి మూడు గొంతులు, నాలుగోది వట్టి బుసబుస. ఆ మూడింటితోనే ఒక చిన్న పాట తిప్పితిప్పి పాడతాను. మొదట్లో "గీ పీపీ ఏంది" అని విసుక్కున్న బిక్షపతి, నెల తిరిగేసరికి ఆ పాటకే మగ్గం తొక్కడం మొదలుపెట్టాడు. నేను ఆగితే అతని కాలు తడబడేది. ఒప్పుకోమంటే మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

ఆ ఇంట్లో నన్ను సరిగ్గా చూసింది అండాలు. మిగతావాళ్లు పొట్టివాణ్ణి చూశారు, ఆమె వాణ్ణి కట్టిన గళ్లను చూసింది. "ఇదంత గ్రాఫు కాయిదమే గద మామా!" అంది మొదటి రోజే. నిజమే. వాళ్ల చీరల డిజైన్లన్నీ గళ్ల కాగితం మీదే పుడతాయి. గడి ప్రకారం నూలుకు రబ్బరు చుట్టి చిటికి కట్టి, రంగులో ముంచుతారు. దారాన్ని మేకుల చుట్టూ వేలసార్లు తిప్పే ఆసుపని ఆడవాళ్లది, చిటికి కట్టే పనిలో సగం ఆడవాళ్లది, డిజైను మాత్రం మగవాళ్లది. ఇది ఏ దేవుడు పెట్టిన రూలో నాకు తెలియదు. అండాలు ఒకసారి తను గీసిన కాగితం పంపితే, నూలు ఇచ్చే షావుకారు మడత కూడా విప్పకుండా నవ్వాడట. "ఆసు తిప్పెటోళ్లు గూడ డిజైన్లు గీస్తరా?" అన్నాడట. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. తన గీత ఒక్కటి చీరెక్కితే చాలని అప్పటినుంచి ఆమె ఆశ.

ఒకనాడు ఆ షావుకారే ఇంటికొచ్చాడు. "పాత డిజైన్లు ఎవలు గొంటలేరు బిక్షపతీ. బేస్తారం దాకా కొత్తది తే. లేకుంటే పట్టు ఇయ్య, మగ్గం బంద్ వెట్టుకో" అని పోయాడు. బిక్షపతి రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మగవాళ్లు డిజైన్లు ఆలోచించే పద్ధతి అదేనట.

బుధవారం పొద్దున అండాలు ముసలాయన ముందు కూర్చుంది. "మామా, ఆ పిట్ట కాడికి తీస్కపో. నేను గీస్కుంట."

ఆయన మూడు గంటలు ఆడాడు. పిట్ట కనబడగానే ఆమె ఆపుమీట నొక్కి బొమ్మను అలాగే నిలిపింది. పాట ఆగింది, లోపల పాత చీర పూర్తిచేస్తున్న బిక్షపతి మగ్గమూ ఆగింది. టీవీ అద్దం మీద సూది పెట్టి, ముక్కువైపు నుంచి ఒక్కో నిలువు వరస లెక్కపెడుతూ గీసుకుంది. నాకు వేసిన బొమ్మను దాచుకునే తెలివి లేదు. కరెంటు పోతే అంతా పోయినట్టే. నాలుగింటికి కరెంటు తీస్తారు. ఆ రోజు పావుగంట ముందే తీశారు. ఆ ఊళ్లో టైముకు ముందు జరిగిన పని అదొక్కటే.

పిట్టకు తోక మిగిలిపోయింది.

"మూడు గళ్ల మొండితోకే గదనే. గదే వెట్టెయ్" అన్నాడు మార్కండయ్య.

అండాలు కాసేపు చీకటి తెరవైపు చూసింది. "అదేం తోక మామా? పిట్ట సిగ్గువడ్తది" అని, మగ్గం చివర వేలాడే పోగుల్లా కిందికి జారే పొడుగాటి తోక ఒకటి గీసింది. గీస్తున్నంతసేపూ నవ్వుకుంటూనే ఉంది. నిజం చెబుతున్నా, నాకు కడుపు మండిపోయింది. నా పిట్టకంటే అది బాగుంది.

గురువారం షావుకారు కాగితం తిప్పితిప్పి చూశాడు. "తోక మస్తుగున్నది. ఎవలేసిండ్రు?"

బిక్షపతి భార్యవైపు చూశాడు, పట్టు మూటవైపు చూశాడు. "నేనే" అన్నాడు.

అండాలు లోపలికి పోయి ఆసు తిప్పుకుంది. మగ్గం బంద్ కాకుండా నిలబడింది. ఆ చీరకు 'టీవీ పిట్ట' అని పేరొచ్చింది, బిక్షపతికి డిజైనర్ అని పేరొచ్చింది. మార్కండయ్య పోయాక నేను అటకెక్కాను.

ముప్పై ఏళ్లకు, పాత ఆటపెట్టెల పాటలు ఏరుకుంటూ తిరిగే నిఖిలేష్ అనే హైదరాబాద్ కుర్రాడు వచ్చి నన్ను దించాడు. నా పాట విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఈ సౌండ్ ఇప్పటి కంప్యూటర్లకు రాదు సార్!" అన్నాడు. రాకేమి నాయనా, వాటికి గొంతులెక్కువ, అంతే. నా లేమి వీళ్లకు ఫ్యాషనయింది. నా మూడు గొంతులకు డప్పు కలిపి కచేరీలు చేశాడు. జనం గెంతారు కూడా. నేను చెప్పలేనిదాన్ని వాళ్లే ఊహించుకుని నింపుకుంటారు కాబోలు, పిచ్చిమారాజులు.

ఆపైన ఒక ప్రదర్శన పెట్టాడు. బల్ల మీద నేను, గోడ మీద ఆ చీర. కింద చీటీ: 'డిజైన్: రాపోలు బిక్షపతి'. సన్మానానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. శాలువా ఒక్కటే వచ్చింది.

అప్పుడే ఒకమ్మాయి ఆడి ఆడి ఎనిమిదో మెట్టు దాటింది. తెర మీది పిట్టను, చీర మీది పిట్టను మార్చి మార్చి చూసింది. "అయ్యో, దీని తోక కట్ అయిపోయింది! మిషన్ పాడైంది" అని అరిచింది. నిఖిలేష్ స్క్రూడ్రైవరుతో నా మీదికి ఉరికాడు. నా పొట్ట కోసి తోక వెతుకుతాడట!

"సార్, ఒరిజినల్ తోక ఏమైంది?" అని మైకు బిక్షపతి నోటి దగ్గర పెట్టాడు.

బిక్షపతి శాలువా అంచు సర్దుకున్నాడు. మళ్లీ సర్దుకున్నాడు. వెనక వరసలోంచి తలనెరిసిన అండాలు లేచింది.

"దాన్ని కొయ్యకు బాబూ, దాంట్ల లేదు. ఆ తోక నేనేసిన."

 బిక్షపతి తల వంచుకుని, "అవు, ఆమెనే" అన్నాడు. ఆ రెండు మాటలకు ముప్పై ఏళ్లు పట్టింది.

నిఖిలేష్ మంచివాడు. వెంటనే కొత్త చీటీ రాసి అంటించాడు: 'డిజైన్: రాపోలు బిక్షపతి దంపతులు'. అందరూ చప్పట్లు కొట్టారు. అండాలు దగ్గరికొచ్చి దాన్ని చదివింది. మళ్లీ చదివింది. తర్వాత సంచిలోంచి గళ్లకాగితాల ఎర్ర పెన్సిల్ తీసి, 'బిక్షపతి'ని కొట్టేసింది, 'దంపతులు'ను కొట్టేసింది. పైన ఒక్కో అక్షరం గడిలో పెట్టినట్టు 'అండాలు' అని రాసింది.

పెన్సిల్ ఎలాగూ చేతిలోనే ఉంది. నా వీపు మీది తొంభై తొమ్మిది లక్షలు కూడా కొట్టేసి పన్నెండు అని రాసిపో తల్లీ అని అడగాలనిపించింది. నోరు తెరిస్తే వచ్చింది ఆ పాటే. పక్కన శాలువా కింద బిక్షపతి కాలు దానికి మెల్లగా కదులుతోంది.