సాక తాగిన రాజు

"దుప్పటి ఇయ్యనంటే ఇయ్యను," అని అనసూర్య మూడో రోజు కూడా అంది. మొదటి రోజు అరిచి చెప్పింది. రెండో రోజు ఏడ్చి చెప్పింది. ఇవాళ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ మామూలుగా చెప్పింది. సదయ్యకు ఈ మామూలు గొంతంటేనే భయం.

"ఒక్క పూటనే. ఆదివారం పొద్దుమీకేసరికి తెచ్చిస్త."

"తెల్లదుప్పటి కప్పుకొని, మొకానికి పిండి రాసుకొని, నేను సచ్చిన్నని నలుగురి ముంగట చెప్తవా? సోమవారం ఏ మొకంతోని బాయిల దిగుతవ్?"

"కడుక్కున్న మొకంతోని."

మూల కూచుని చింతపండు పిక్కలు తీస్తున్న అత్త కనకవ్వ ఫక్కున నవ్వి, కోడలు చూడగానే కొంగు అడ్డం పెట్టుకుంది.

సదయ్య బాధ సదయ్యది. గోదావరిఖనిలో బొగ్గుబాయి పనికి చేరిన నాటి నుంచి పదకొండేళ్లుగా కాలనీ నాటకాల్లో అతనిది ఒకటే పని: తెర వెనక రేకు ఊపి ఉరుము వినిపించడం. చచ్చిన రాజు వేషం కట్టే రాయమల్లుకు రామకృష్ణాపూర్‌కు బదిలీ కావడంతో ఆ వేషం ఖాళీ అయింది. రేకు ఊపుతూ ఊపుతూ రాజు పద్యాలన్నీ నేర్చుకున్నవాడు సదయ్య ఒక్కడే.

అనసూర్య బాధ అనసూర్యది. మగడు షిఫ్టుకు బయల్దేరితే ఎప్పుడొస్తవని ఆమె ఏనాడూ అడగదు. ఆ వరసలో ఏ ఇల్లాలూ అడగదు. సైరన్ కూశాక అన్నం వారుస్తుంది గానీ, సైకిల్ చప్పుడు వినిపించేదాకా పప్పులో పోపు వేయదు. అన్నం చల్లారినా ఫరవాలేదు, పోపు వేసి ఎదురుచూడాల్సిన రోజు మాత్రం రాకూడదు. అట్లాంటిది, నోరారా నేను చచ్చానని చెప్పుకుంటానంటే ఎట్లా ఒప్పుకుంటుంది?

సాయంత్రం నాటకం నేర్పే జ్ఞానయ్య స్వయంగా వచ్చాడు. బాయి ఆఫీసులో గుమాస్తా. ఆదివారం పొద్దున చర్చిలో పాటలు పాడించి, మధ్యాహ్నం నుంచి రాజుల చేత పద్యాలు పాడిస్తాడు.

"అన్నా, నువ్వు దయ్యాలను నమ్మవు గద. మరి నీకెందుకే దయ్యం?" అని అడిగింది అనసూర్య.

"నేను నమ్మ చెల్లె. నాటకం నమ్ముతది. సచ్చిన రాజు కోటగోడ మీదికొచ్చి, నన్ను సేనాపతి సంపిండు, వాని రక్తం కావాలె అని తమ్మునికి చెప్తడు. ఆ మాట పట్టుకొని తమ్ముడు కత్తి తీస్తడు. ఆఖర్ల ఏడుగురు పోతరు. దయ్యం లేకుంటే ఒక్కడు గూడ సావడు."

"సావకుంటే మంచిదే గద!"

జ్ఞానయ్య ఓపిగ్గా చాయ్ తాగాడు. "దయ్యం ఎవన్ని సంపదు చెల్లె. మనిషి మనసుల ఉన్న పగనే లేపుతది. లేపినంక మనిషే ఆగమైతడు. అదే విషాదం."

"మరి గా తమ్ముడు అన్నను అడుగడా? మా దిక్కు సచ్చిపోయిన పెద్దమనిషి ఎవలి మీదికన్న వస్తే, ముందుగాల కూసోబెట్టి, ఏం గావాలె నీకు అని అడుగుతరు. కల్లో నీళ్లో ఆయన పేరు మీద నేలకు సాక పోస్తరు. ఆయన సల్లవడి పోతడు. గీ రాజుల ఇంట్ల అడిగే ఆడిది ఒక్కతి గూడ లేదా?"

జ్ఞానయ్య చంకలోని పుస్తకం తీసి తిరగేశాడు. అతని నాటకం పుస్తకానికి అట్టలేదు, రాసిందెవరో తెలియదు. అడుగుదామన్నా దిక్కు లేదు.

"ఇయ్యిరాదె బిడ్డా," అంది కనకవ్వ. "పదకొండేండ్ల సంది రేకు ఊపుతుండు. వాని భుజం పడిపోతది."

అత్త మాట తీసేయలేక అనసూర్య దుప్పటి ఇచ్చింది. ఇచ్చింది గానీ, ఆదివారం నాటకానికి వెళ్తూ కొంగు చాటున ఇత్తడి చెంబు ఒకటి పట్టుకుంది. అందులో పసుపు నీళ్లు, వేపరెమ్మ ఉన్నాయి.

తెల్లారితే మొదటి షిఫ్టుకు లేవాలి కాబట్టి నాటకం సాయంత్రం నాలుగు గంటలకే మొదలైంది. చచ్చిన రాజు రావాల్సింది మొదటి రంగంలోనే. అప్పటికి ఎండ ఫెళ్లున కాస్తోంది. అర్ధరాత్రి ఎంత చీకటిగా ఉందో కావలివాడు పద్యంలో చెబుతుంటే, జనం చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

సదయ్య వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. ముఖమంతా పిండి. ఎంత కడిగినా పోని బొగ్గు కళ్ల అంచున కాటుకలా నిలిచి ఉంది. ఆ తెలుపు మీద ఆ నలుపు చూసి ముందు వరసలో పిల్లలు తల్లుల ఒళ్లోకి జరిగారు.

"తమ్ముడా!" అన్నాడు సదయ్య. పదకొండేళ్ల ఉరుము అతని గొంతులోనే ఉంది.

తమ్ముడి వేషం కట్టిన పోశం నోరు తెరిచేలోగా, జనంలోంచి కనకవ్వ లేచి నిలబడింది.

"వచ్చినవా ఆగయ్యా?"

అంతా ఆమె వైపు తిరిగారు. ఆగయ్య సదయ్య తండ్రి. సదయ్యకు మూడేళ్లప్పుడు, ఇంకా వీళ్లు పల్లెలో ఉండగానే జ్వరం వచ్చి పోయాడు. ఇంట్లో ఫోటో లేదు. ఆ ముఖం ఎట్లా ఉండేదో సదయ్యకు తెలియదు. ఇప్పుడు తన మీదే ఉందన్న సంగతి అసలే తెలియదు.

"గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?" కనకవ్వ స్టేజీ వైపు రెండడుగులు వేసింది. "ఏం గావాలెనయ్యా నీకు?"

"చెప్పు పెద్దయ్యా, ఏం గావాలె?" అంటూ పక్కింటి ఐలవ్వ చేతులు జోడించింది. ఆమె వెనక వరసకు వరస ఆడవాళ్లు లేచి చేతులు జోడించారు. వెనక నిలబడ్డ మగవాళ్లు తలపాగాలు తీశారు.

తెర వెనక నుంచి జ్ఞానయ్య పళ్లు నూరుతున్నాడు. "రక్తం! రక్తం గావాలె అను!"

సదయ్య తల్లి ముఖం చూశాడు. నాలుక మీదికి వచ్చిన పద్యాన్ని మింగేశాడు.

"కల్లు," అన్నాడు.

"ఆయననే!" అని కనకవ్వ ఏడుస్తూ నవ్వింది. "ఆయననే గద! ఏనాడన్న నీళ్లు అడిగిండా మనిషి!"

ఎవరు తెచ్చుకున్నదో, ఒక సీసా చేతులు మారుతూ ముందుకు వచ్చింది. దాన్ని అందుకుని స్టేజీ దగ్గరికి నడిచింది అనసూర్య. గ్లాసు నింపి మగడికి ఇచ్చింది. అతను తాగాడు. ఆమె చెంబులోని నీళ్లలో వేపరెమ్మ ముంచి, స్టేజీ అంచున సాక పోసింది. అప్పుడు తలెత్తి, పిండి ముఖంలోని బొగ్గు కళ్లలోకి చూసింది.

"మామా, నీ కొడుకు దినాం కిందికి పోతుండు. ఎంబడి ఉండాలె. ఎట్ల దింపినవో గట్ల పైకి తేవాలె. నాకు ఇంకేం వద్దు." వేపరెమ్మ చెంబులో పెట్టింది. ఆనవాయితీ మాట కూడా చెప్పింది. "ఇగ సల్లవడు. మల్ల రాకు."

సదయ్య తల ఊపాడు. దుప్పటి సర్దుకుని, ఎండలో మెల్లగా తెర వెనక్కి వెళ్లిపోయాడు.

పోశం నాటకం నడపాలని కత్తి దూశాడు. "అన్నా, నీ పగ..."

"ఏం పగనయ్యా!" అంది ఐలవ్వ కోపంగా. "ఆయన తాగి సల్లగ పోయిండు. కత్తి లోపల వెట్టు!"

పోశం పెట్టేశాడు. ఆ సాయంత్రం ఏడుగురిలో ఒక్కడూ చావలేదు. ఐదు కాకముందే తెర దించారు. జ్ఞానయ్య తల పట్టుకుని రేకు మీదే కూలబడితే, చిన్న ఉరుము ఒకటి వినిపించింది.

దీపాలు పెట్టేవేళకు ఇంట్లో అందరూ అన్నాలకు కూచున్నారు. సదయ్య చెవుల వెనక ఇంకా పిండి ఉంది. కనకవ్వ ముద్ద కలిపింది గానీ తినడం లేదు.

"వచ్చే యేడు గూడ ఉంటదారా నాటకం?" అని కొడుకును అడిగింది. అడిగినదేమిటో అందరికీ తెలుసు.

"జ్ఞానయ్యన్న నన్ను మల్ల రేకు కాడికే పొమ్మన్నడవ్వా."

అనసూర్య ఉట్టి మీది పెరుగు గిన్నె దించి అత్త కంచంలో వేసింది.

"రేకు పోశం ఊపుతడు. రాజు ఈయననే," అంది. గొంతు పెంచలేదు. "నేను పొయి అన్నతోని చెప్పొచ్చిన. సరే అన్నడు."

"మల్ల రాకని నువ్వే అంటివి గదనే," అన్నాడు సదయ్య.

"యేడాదికొక్కసారైతే ఫరవలేదు. దుప్పటి ఉతికి ఆరేసిన," అని చెప్పి, తన కంచంలో అన్నం పెట్టుకుంది.