ఆయ్ అంటే నేను

"దుర్గా, టిఫినయిందా?"

బాత్రూములోంచి బుజ్జిబాబు వేసిన కేక అది. కువైట్‌లో, హవల్లీలోని ఆ ఫ్లాటుకి తెల్లవారేది సూర్యుడితో కాదు, ఈ కేకతోనే. సత్యదుర్గ పెసరట్టు తిరగేస్తూ "ఆయ్, అయిందండి" అంది. అనేసి, అట్లకాడ గాల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అయిందిట! దానంతటదే అయిందా? పెసలు తమంతట తామే నానాయా? మిక్సీలోకి నడిచెళ్లి, ఓ చుట్టు తిరిగి, పెనం మీదకి వచ్చి పడుకున్నాయా? ఈ ఇంట్లో అన్నీ అలా 'అవుతూ' ఉంటాయి. వంటవుతుంది, బట్టలు ఆరతాయి, గిన్నెలు తెల్లబడతాయి, పిల్లకి జడ పడుతుంది. చేసే మనిషి మాత్రం ఏ మాటలోనూ కనబడదు. దెయ్యాల కొంపలో కూడా ఇన్ని పనులు వాటంతటవి జరగవు.

ఈ అనుమానం దుర్గకి పుట్టుకతో వచ్చింది కాదు, గ్రామరుతో వచ్చింది.

కింద వీధిలో ఉన్న నర్సరీ స్కూలువాళ్లు, పసిపిల్లల్ని చూసుకోడానికి మనిషి కావాలని బోర్డు పెట్టారు. జీతం ఇస్తారు, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు మార్పిడి కూడా వాళ్లే చూసుకుంటారు. ఒకటే షరతు. హెడ్ మేడమ్ ఎదురుగా కూర్చుని తన గురించి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాలి. దుర్గకి ముక్కలంటే వంకాయ ముక్కలే. అమలాపురంలో టెన్తు దాకా లాక్కొచ్చిన చదువు టెన్సుల దగ్గర తెగింది. పాస్టు కంటే అల్లం వెల్లుల్లి పేస్టు మీదే పట్టెక్కువ. అయినా ఆ బోర్డు చూసిన దగ్గర్నుంచీ మనసు ఇంట్లో నిలవడం మానేసింది. మొగుడు అమ్ఘరాలో సిమెంటు గోడౌనుకీ, పిల్ల స్కూలుకీ వెళ్లిపోయాక, కిటికీలోంచి ఆ నర్సరీ పిల్లల ఏడుపు వినబడితే చేతులు ఊరుకోవడం లేదు. ఆ పని తనకి కావాలి. ఇన్నేళ్లలో తనకంటూ కావాలని దుర్గ గట్టిగా అడిగింది ఊరి కరివేపాకు ఒక్కటే.

పక్క ఫ్లాటు ఫర్హానా రాయచోటి పిల్ల. సిటీలో ఆఫీసు ఉద్యోగం. ఫీజు కింద గుత్తివంకాయ కూర పుచ్చుకుని పాఠం చెప్పడానికి ఒప్పుకుంది.

"అక్కా, పొద్దున్నుంచి ఏం చేసినావో ఇంగ్లీషులో చెప్పు."

"కుకింగ్ రైస్. వాషింగ్ క్లోత్స్. క్లీనింగ్ ఫిష్."

"ఎవురు?"

"ఎవరేంటమ్మా?"

"రైసు కుకింగు చేసిందెవురు? నువ్వా, మీ ఆయనా, లేకుంటే ఆ చేపా?"

దుర్గ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంకెవరూ, నేనేగా!"

"మరి ఆ నేను యాడ పాయె? తెలుగులో అయితే 'వండినా' అంటే సాలు. ఇంగ్లీషులో అట్ల కుదరదు. పని ముందర మనిషిని నిలబెట్టల్ల. ఐ కుక్. ఐ వాష్. ఇంకోటి యినుకో అక్కా, ఈ 'ఐ' అనేది యాడున్నా పెద్దక్షరమే. వాక్యం నడిమధ్యలో వచ్చినా తల దించదు."

తల దించదు అన్న మాట దుర్గకి బాగా నచ్చింది. ఇంటికొచ్చి చపాతీలు వత్తుతూ వల్లెవేసింది. "ఐ కుక్. యు ఈట్. హీ ఈట్స్. దే ఈట్." వత్తే కొద్దీ ఓ సంగతి తేలింది. ఈ సర్వనామాల్లో తినేవాళ్లే సర్వమూ, వండేది ఒక్క 'ఐ'. ఇక 'హీ' దగ్గరికొచ్చేసరికి సిగ్గు. పేరు పెట్టి పిలవని మొగుణ్ణి పెళ్లైన దగ్గర్నుంచీ 'ఆయన, ఆయన' అంటూ సర్వనామంతోనే లాక్కొచ్చింది కదా, ప్రపంచంలోని 'హీ'లందరూ ఆ బుజ్జిబాబులాగే కనిపించారు.

అసలు బుజ్జిబాబు అప్పుడే లుంగీ సర్దుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. "ఏంటే, 'ఐ కుక్కు, ఐ కుక్కు' అంటన్నావ్? నిన్నెవరే కుక్కన్నది? చెప్పు, తాట తీస్తాను!"

అదీ మనిషి. చెడ్డవాడు కాడు. దుర్గకి జ్వరమొస్తే తనకొచ్చినట్టు మూలుగుతాడు. సినిమాలో హీరోయిన్ ఏడిస్తే ఇతని ముక్కు ముందు కారుతుంది. వాక్యంలో పెళ్లాన్ని ఎక్కడ పెట్టాలో తెలీనివాడు, అంతే. వీడియో కాల్‌లో వాళ్లమ్మ సూరాయమ్మ "అదేం చేస్తందిరా?" అంటే, చారులో అప్పడం నంజుకుంటూ "ఏవుందమ్మా, ఖాళీయే" అంటాడు. అత్తగారు "సుఖపడిపోతంది" అని నిట్టూరుస్తుంది. ఆ ఖాళీ మనిషి ఆ పూట నాలుగోసారి స్టవ్వు తుడుస్తూ వింటుంది. అది అంటే తనే, అది అంటే స్టవ్వే. ఇంగ్లీషువాడికి ఆడమనిషికో మాట, వస్తువుకో మాట విడివిడిగా ఉన్నాయని ఫర్హానా చెప్పినప్పుడు దుర్గకి వాళ్ల మీద మొదటిసారి గౌరవం కలిగింది.

నర్సరీ సంగతి చెబితే బుజ్జిబాబు మొహం వాడింది. "నీకెందుకే ఉద్యోగం? నేను లేనా? నీకేం తక్కువ చేశాను?" అన్నాడు. మూడు ప్రశ్నలకీ కలిపి దుర్గ దగ్గరున్నది ఒక్క కోరికే. రెండ్రోజులు చారు కాస్త పల్చగా పడింది. మూడోరోజు అతనే సగం పూట సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడిగి, సెంటు కొట్టుకుని బయల్దేరాడు. "పద ఎల్దాం. నువ్వు నోరు మెదపకు. నేను మేనేజ్ చేస్తాను."

హెడ్ మేడమ్ లెబనాన్ ఆవిడ. దుర్గని చూసి పేరు అడిగింది.

"షీ ఈజ్ సత్యదుర్గ, మేడమ్!" అన్నాడు బుజ్జిబాబు.

దుర్గని చూసే, అనుభవం ఉందా అని అడిగింది.

"నో ఎక్స్‌పీరియన్స్, మేడమ్. షీ ఈజ్ ఓన్లీ హౌస్."

కంగారులో హౌస్‌వైఫులోని వైఫుని మింగేశాడు పాపం, హౌసు మిగిలింది. దుర్గ కుర్చీ అంచున కూర్చుని తన మీద తలుపులూ కిటికీలూ మొలుస్తున్నట్టు ఊహించుకుంది. నవ్వొచ్చింది. నేర్చుకున్న 'ఐ'లన్నీ లోపలే ఉన్నాయి. బయటికి రావడానికి ఇతను సందివ్వడే!

మేడమ్ ఈసారి కాస్త పొడుగ్గా అడిగింది. పొద్దున్నే పిల్లలు తల్లుల కోసం గుక్కపట్టి ఏడుస్తారు, అప్పుడు వాళ్లని ఎత్తుకునేదెవరు అని. దుర్గకి 'క్రై' ఒక్కటే అందింది. బుజ్జిబాబు ఇటు తిరిగి, "పిల్లలేడిస్తే ఎత్తుకుంటావా అంటన్నారే" అన్నాడు గొంతు తగ్గించి.

మొగుడు అడిగాడు. కోనసీమ పిల్ల. వెన్ను దానంతటదే నిటారయింది.

"ఆయ్!" అంది దుర్గ.

మేడమ్ చేతిలో పెన్ను ఆగింది. ఆవిడకి ఆ గదిలో మొట్టమొదటిసారి 'ఐ' వినబడింది మరి. కళ్లజోడు మీదుగా చూసి, "యు?" అంది.

దుర్గకి అప్పుడు వెలిగింది. అమ్మ నేర్పిన మాటా, ఫర్హానా నేర్పిన మాటా ఒక్క చప్పుడే! చిన్నప్పట్నుంచీ మావగార్లకీ, మేష్టార్లకీ, మొగుడికీ ఎన్ని వేలసార్లు అందో ఈ మాట. అన్నిసార్లూ 'చిత్తం' అనే అంది.

"ఆయ్!" అంది మళ్లీ, గట్టిగా. ఈసారన్నది ఇంగ్లీషులో.

"సర్, ప్లీజ్ వెయిట్ అవుట్‌సైడ్" అంది మేడమ్. బుజ్జిబాబు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "యల్లా" అని ఆవిడ నవ్వుతూనే తలుపు చూపించింది.

తలుపు మూసుకున్నాక దుర్గ నోరు తెరుచుకుంది. "మై డాటర్ క్రై, ఐ టేక్. మై హస్బెండ్ సిస్టర్ బేబీ క్రై, ఐ టేక్. ఐ కుక్, ఐ వాష్, ఐ నో స్లీప్. యెస్టర్‌డే ఐ టేక్. టుడే ఐ టేక్. టుమారో ఐ టేక్."

మూడు కాలాలూ ముద్దపప్పయిపోయాయి. అందులో దుర్గ తప్పేముంది? ఆ ఇంట్లో నిన్నటి పనే ఇవాళ, ఇవాళ్టి పనే రేపు. టెన్సు మారడానికి వీలేదీ? కానీ ప్రతి పని ముందూ మనిషి నిలబడి ఉంది, తల దించకుండా. మేడమ్ చాలాసేపు విని, టెన్సులు ఇక్కడ పిల్లలతో పాటు నేర్చుకోవచ్చులే అన్నట్టు చెయ్యి ఊపి, "సండే?" అంది. మీ ఆయన్ని పిలిచి చెప్పనా అని కూడా అడిగింది.

"నో, మేడమ్. ఐ టెల్."

బయట బుజ్జిబాబు పసిపిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని గోళ్లు కొరుకుతున్నాడు. దుర్గ మొహం చూడగానే లేచాడు. కుర్చీ కూడా అతనితో పాటే లేచింది. దాన్ని ఊడబెరుక్కుంటూ, "వచ్చేసిందా? వచ్చేసిందే!" అని కళ్లనీళ్లు పెట్టేసుకున్నాడు. అక్కడికక్కడే ఫోన్ తీసి అమలాపురం కలిపాడు. "అమ్మా! మనకి ఉద్యోగం వచ్చిందే!"

దుర్గకి అతన్ని అక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆ ఫోన్ మెల్లిగా అతని చేతిలోంచి తీసుకుని, అత్తగారికి కూడా వినబడేలా చెప్పింది.

"ఉద్యోగం వచ్చింది నాకండి. ఆదివారం నుంచి మనకి రావాల్సింది వంట."