అచ్చియమ్మ సీసా

కూర తిన్న కాసేపటికి సీలింగు ఫ్యాను పచ్చజెండా ఊపుతున్నట్టు గోవిందరావుకు కనిపించింది. రైల్వే గార్డుగా రిటైరైన మనిషి కనక, మర్యాదకు తనూ చెయ్యెత్తి ఊపాడు.

ఎదురుగా కొడుకు దిలీప్ నీళ్ల గ్లాసును చూసి నవ్వుతున్నాడు.

"ఏటిరా, గ్లాసులో అంత నవ్వొచ్చేది ఏటుంది?"

"అది నన్ను చూసి నవ్వుతోంది నాన్నా. ఊరుకుంటే బాగోదని నేనూ నవ్వుతున్నాను."

ఇద్దరూ విరగబడి నవ్వారు. భార్య అచ్చియమ్మ పోయాక ఆ క్వార్టర్లో నవ్వు వినబడటం అదే మొదలు. గోడమీద ఫొటోలో ఆవిడ కూడా పెదవి బిగించి ఆపుకుంటున్నట్టు తోచింది.

సోమవారం ఉపవాసం కనక కోడలు తనూజ మావగారు వండిన కూర ముట్టలేదు. వంటింట్లోంచి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మావయ్యగారూ, ఏటి తాగారు?"

"మజ్జిగ," అన్నాడు గోవిందరావు. ఆ మాటకే మళ్లీ నవ్వాగలేదు.

అంతలో దిలీప్ ఫోను మోగింది. అతను అసిస్టెంట్ లోకో పైలట్. బొగ్గు బండి సిద్ధంగా ఉంది, డ్యూటీకి రమ్మని పిలుపు. బూట్లు చేతులకు తొడుక్కోబోయి, నాలిక కరుచుకుని కాళ్లకు మార్చుకున్నాడు.

"ఈ అవతారంతో బండెక్కుతావేటి?" అంది తనూజ.

"తాగలేదు కదా. మెషిన్లో ఊదితే సున్నాయే వస్తుంది. టెన్షన్ మత్ లో యార్."

"సిగ్నల్ ఏ రంగో తెలుస్తుందా?"

"అచ్ఛా, తెలియకేం. అన్ని రంగులూ ఒక్కసారే తెలుస్తాయి."

గోవిందరావు పొట్ట పట్టుకుని నవ్వుతూ కిటికీ వైపు తిరిగాడు. బయట వేపచెట్టు ఊపిరి తీసినప్పుడల్లా ఎర్రబడుతోంది, వదిలినప్పుడల్లా పచ్చబడుతోంది. అక్కడ నవ్వు ఆగిపోయింది. తన కళ్లకే ఇలా ఉంటే, ఇంజన్లో కూర్చున్నవాడికి?

బీరువా వెనకనుంచి పాత ఎర్రజెండా లాగి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో నాన్నా."

"గార్డు జెండా చూపించాక బండి కదలదురా."

"నువ్వు రిటైరయ్యావు కదా."

"నేనయ్యాను. జెండా అవలేదు."

దిలీప్ జెండాను చూస్తూ చూస్తూ దాని ముందే చతికిలబడ్డాడు. "ఎంత ఎరుపు నాన్నా," అన్నాడు ముచ్చటగా.

తనూజ ఫోను లాక్కుని, మనిషికి బాగోలేదని ఆఫీసుకు చెప్పేసింది. ఆటో పిలిచింది. "కూరలో ఏటి వేశారు?"

"మీ అత్తయ్య సీసాలోవేనమ్మా," అని, మిగతాది చెప్పాడు. అచ్చియమ్మ వానాకాలంలో తెలిసినామె దగ్గర పుట్టగొడుగులు కొని, దారానికి గుచ్చి ఎండబెట్టేది. ఆవిడ పోయాక సీసా తరిగిపోతుంటే చూడలేకపోయాడు. ఊరి చివర లింగియాడీహ్ పొలాల్లో అలాంటివే కనిపిస్తే ఏరి తెచ్చి, ఎండబెట్టి, ఆవిడ వాటిలో కలిపేశాడు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు తనూజ వెంట తెచ్చిన సీసాను కాగితం మీద బోర్లించి, వీటిలో ఆమెవి ఏవి, మీవి ఏవి అని హిందీలో అడిగాడు. గోవిందరావు ఒక్కొక్కటీ వేలితో కదిపి చూశాడు. ఎండాక అన్నీ ఒకే గోధుమరంగు ముడతలు.

"నాకూ తెలియదు. ఎండినవాటిని చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు," అన్నాడు డాక్టరు. "మీకు దొరికింది నవ్వించింది. ఇలాంటివే మరికొన్ని ఉంటాయి, మొదట ఏమీ అనిపించదు. తెలిసేసరికి లివరు పోతుంది."

పరీక్షకు కొన్ని తీసుకుని మిగతావి తిరిగి సీసాలో పోశాడు. పక్క మంచం మీద దిలీప్ సెలైన్ సీసాకు జోక్ చెబుతున్నాడు.

మర్నాడు మత్తు దిగి ఇంటికొచ్చాక గోవిందరావు పెరట్లో గొయ్యి తీసి సీసా వంచాడు. ఒక్కటి దాచుకుందామని వేళ్లు ఆగాయి. కానీ ఏది? వేళ్లు విప్పి, మట్టి కప్పేశాడు.

తనూజ సీసా కడిగి తెచ్చింది. "ఇందులో ఏం పోయను?"

"ఏమీ వద్దమ్మా. అలాగే దాని చోట పెట్టు."

గుమ్మంలోంచి దిలీప్ గొంతు వినిపించింది. "నాన్నా, జెండా ఇంకా తలుపు దగ్గరే ఉంది. బండి కదలొచ్చా?"

గోవిందరావుకు నవ్వొచ్చింది. ఈసారి వేపచెట్టు వైపు చూశాడు. అది పచ్చగానే ఉంది.